చెల్లెలి కారు అడుగు రేకు

ఆ సాయంత్రం మా చెల్లెలు కారు ఇంటి ముందు ఆపింది కానీ దిగలేదు. మామూలుగా అయితే తలుపు తెరిచి, చంక కర్రలు రెండూ బయట ఆనించుకొని, ఎవరి సాయమూ లేకుండా దిగి లోపలికి వస్తుంది. ఆ రోజు స్టీరింగు పట్టుకొని అలాగే కూర్చుండిపోయింది. నేను ఇంటి పక్కనే ఉన్న నా రేకుల షెడ్డులో ఎవరిదో గేటుకు వెల్డింగ్ చేస్తున్నాను. పని ఆపి దగ్గరికి పోయాను.

"సీటు ఎనక్కి పోతాండాది అన్నా," అంది. "తిరుమణి దాటినాక గొర్రెలు అడ్డమొస్తే బ్రేకు నూకినా. బండి నిలబడలేదు, నేనే సీటుతో పాటు ఎనక్కి పోయినా. గొర్రెలే పక్కకు తప్పుకున్యాయి."

మాట నిదానంగానే వచ్చింది గానీ స్టీరింగు మీద వేళ్ళు సడలలేదు.

మా చెల్లెలికి నడక నేర్చే వయసులోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. చిన్నప్పుడు నేనే సైకిలు వెనక కూర్చోబెట్టుకొని బడికి తీసుకుపోయేవాణ్ణి. పావగడలో కాలేజీకి పోయే రోజుల్లో బస్సు ఎక్కించడానికి ఒకరు, దించడానికి ఒకరు కావాల్సి వచ్చేది. ఆ రోజుల్లో ఆమె ఉదయం లేచిన దగ్గర నుంచి ఎవర్ని ఏ వేళకు పిలవాలో లెక్క వేసుకుంటూ బతికింది. చదువు ముగిసేసరికి మా ఊళ్ళ చుట్టూ సోలార్ పార్క్ వచ్చింది. చెనిక్కాయ, అదే వేరుశనగ, పండే మా చేను కూడా గుత్తకు పోయి సోలార్ పలకల కిందికి వెళ్ళిపోయింది. నేను ఆ పలకలు నిలబెట్టే ఇనుప కమ్మీల పనిలో చేరి వెల్డింగ్ నేర్చుకున్నాను. చెల్లెలికి ఒక ప్లాంటు ఆఫీసులో, కంప్యూటరు తెరల ముందు కూర్చొని ఏ వరస పలకలు కరెంటు తక్కువ ఇస్తున్నాయో చూసే ఉద్యోగం దొరికింది.

పొలం మా అమ్మ పేరు మీద ఉండేది. మొదటి ఏడాది గుత్త డబ్బు చేతికి వచ్చినప్పుడు ఊళ్ళో చాలామంది మిద్దెలు వేశారు, మోటారు సైకిళ్ళు కొన్నారు. మా అమ్మ మాత్రం పాపకు ముందు బండి కావాలంది. అలా వచ్చింది ఆ పాత మారుతి కారు. మంగళూరు వైపు నుంచి వచ్చిన బండి. హిందూపురంలో ఒక మెకానిక్కు, కాళ్ళతో తొక్కాల్సినవన్నీ చేతులతో నడిపేలా దానికి రాడ్లు బిగించాడు. ఆ రాడ్లను పట్టి ఉంచే ఇనుప పలక, డ్రైవరు సీటు పట్టాలు, అన్నీ కారు అడుగు రేకుకే బోల్టులతో బిగించి ఉంటాయి. పార్కులో పలకల మధ్య వేసిన తారు రోడ్లు తిన్నగా, ఖాళీగా ఉంటాయి. ఆమె డ్రైవింగు నేర్చుకున్నది అక్కడే. మొదటిసారి ఒంటరిగా పావగడ దాకా పోయి వచ్చిన రోజు, పని లేకపోయినా బస్టాండు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చానని చెప్పి నవ్వింది.

ఆమెను దించి కుర్చీలో కూర్చోబెట్టి, సీటు కింది రబ్బరు మ్యాటు లేపి చూశాను. కింద ఉన్న గుడ్డ తడిగా ఉంది. దాన్ని లాగితే ఎర్రటి పొరలు పొరలుగా తుప్పు ఊడి వచ్చింది. స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే రేకులోంచి దిగిపోయి నేలకు తగిలింది. సీటు పట్టాను పట్టుకున్న నాలుగు బోల్టుల్లో వెనక రెండూ ఉత్త తుప్పును పట్టుకొని ఉన్నాయి. బ్రేకు రాడ్డు పలక చుట్టూ రేకు కాగితంలా మెత్తబడింది.

మాది వాన కోసం ఆకాశం చూసే సీమ. ఇక్కడ ఇనుము ఎండకు కాలుతుంది కానీ ఇంతగా తుప్పు పట్టదు. ఆ తుప్పు సముద్రం పక్క నుంచి బండితో పాటే వచ్చింది. అమ్మినవాళ్ళు కింద నల్లటి తారు పూత పూసి కప్పేశారు. అద్దాల పక్క నుంచి కారిన నీళ్ళూ, కడిగిన నీళ్ళూ మ్యాటు కింద చేరి మిగతా పని చేశాయి.

మా అమ్మ వచ్చి వంగి ఆ చిల్లులోంచి నేలను చూసింది. రాత్రి అన్నాల దగ్గర, ఆ బండి అమ్మేయమని నాతో చెప్పింది. చెల్లెలితో కాదు, నాతోనే. ఆఫీసు జీపు వచ్చి తీసుకుపోతుంది కదా, లేకపోతే నువ్వు మోటారు సైకిలు మీద దింపి రా అంది. కొన్నది తనే కాబట్టి, ఏదైనా జరిగితే తన చేతులతో చేసినట్టే అవుతుందని ఆమె భయం. ఆ మాట నోటితో అనలేదు గానీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా కలుపుతూ కూర్చుంటే మాకు తెలిసిపోయింది.

చెల్లెలు అంతా విని, "అమ్మా, జీపు వస్తాది. నిజమే," అంది. "వాళ్ళు ఎప్పుడొస్తే అప్పుడు పోవల్ల, ఎప్పుడు దింపితే అప్పుడు రావల్ల. ఎక్కించేదానికి ఒక మనిషి, దించేదానికి ఒక మనిషి. నేను మళ్ళ ఆ కాలేజీ రోజులకే పోతా. బాగు చేసేదానికి కాదంటే అప్పుడు అమ్ముదాం. చూడకనే అమ్మొద్దు."

నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

వెల్డరును నేనే కదా, నాకేం కష్టమని మరుసటి ఆదివారం ఒక మూల మొదలుపెట్టాను. నేను నేర్చింది లావుపాటి కమ్మీల పని. కడ్డీ ముట్టిస్తే నిప్పు నీళ్ళలా పారి ఇనుమును పట్టుకునేది. ఈ కారు రేకు అలా కాదు. కడ్డీ తగలగానే చిల్లు పడింది. ఆ చిల్లు పూడుద్దామని పక్కన తాకిస్తే అది ఇంకా పెద్దదైంది. కాసేపటికే అరచేయి పట్టేంత బొక్క పెట్టి, మిషను కట్టేసి కూర్చున్నాను. చెల్లెలు కుర్చీలోంచి చూస్తూనే ఉంది. పావగడలో వెనకటికి లారీల క్యాబిన్లకు, అంబాసిడర్లకు రేకు పని చేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు కదా, ఇంకా ఉన్నాడేమో అడిగి రమ్మంది.

ఆయన ఉన్నాడు. కొండ కింద, పాత లారీ స్టాండు దగ్గర, కొడుకు నడిపే స్పేర్ పార్ట్స్ అంగడి ముందు స్టూలు వేసుకొని కూర్చొని ఉన్నాడు. షాపు మూసేసి చాలా కాలమైందట. రెండు చేతులూ వణుకుతున్నాయి. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని, ముందుకు వంగి నోటిని గ్లాసు దగ్గరికి తీసుకుపోతున్నాడు. నేను విషయం చెబితే, ఇప్పుడెవరు రేకు కోసి అతికిస్తారు, తలుపు పోతే కొత్త తలుపు తెచ్చి బిగిస్తారు, అడుగు పోతే బండినే పారేస్తారు అన్నాడు. ఒకసారి వచ్చి చూడమని బతిమాలితే నా వెనక మోటారు సైకిలెక్కాడు.

తిరుమణి దారిలో రెండు పక్కలా ఎండలో మెరిసే పలకలు చూస్తూ, "ఇదంతా చెనిక్కాయ చేన్లే కదప్పా," అని నా చెవిలో అడిగాడు. అవునన్నాను. ఈ దారిలో తను బాగు చేసిన లారీల్లో చెనిక్కాయ మూటలు వేసుకొని పోయేవాళ్ళని చెప్పాడు.

కారు చుట్టూ తిరిగి, కింద పడుకొని చిన్న సుత్తితో తడుతూ పోయాడు. గట్టి రేకు ఉన్నచోట గంట కొట్టినట్టు మోగింది. తుప్పు ఉన్నచోట అట్టపెట్టె మీద కొట్టినట్టు వచ్చింది. ఆ రెండో చప్పుడే ఎక్కువ వినబడింది. లేచి చేతులు దులుపుకొని, "గుజరీకి ఎయ్యప్పా దీన్ని," అన్నాడు. పాత ఇనుము కొనేవాళ్ళకు ఇచ్చేయమని.

అప్పుడు చెల్లెలు కర్రలు వేసుకుంటూ వచ్చి కారు తలుపు పట్టుకొని నిలబడింది. "మీ కారైతే ఏం చేస్తారు మేస్త్రీ?" అని అడిగింది.

"నాకు కాళ్ళు బాగుండాయి తల్లీ. నేనైతే బస్సెక్కుతా," అన్నాడు ఆయన.

కావాలని అన్న మాట కాదు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పిన తర్వాత మాత్రం ఆగిపోయాడు. కారులోకి వంగి చేతి రాడ్లను చూశాడు. ఏది బ్రేకు, ఏది క్లచ్చు అని అడిగాడు. ఆమె సీట్లో కూర్చొని చూపించింది. రాడ్డును ముందుకు నెట్టినప్పుడల్లా వీపుతో సీటును వెనక్కి నెట్టాల్సి వస్తుందనీ, అందుకే అడుగు రేకు గట్టిగా లేకపోతే బ్రేకు కూడా లేనట్టేననీ చెప్పింది. ఆయన ఆమెతో ఇంకొకసారి నెట్టించి, సీటు పట్టా దగ్గర వేలు పెట్టి చూశాడు.

"నా చేయి నిలవదు," అన్నాడు నాతో. "నేను చెప్తా, నువ్వు చెయ్యి. నేను ఆపమన్న కాడ ఆపల్ల. అట్లయితేనే."

అట్లయితేనే అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఉదయం ఆయన్ను పావగడ నుంచి తెచ్చుకోవడం, పొద్దు వాలాక దింపి రావడం నా పని అయింది. చెల్లెలు ఆఫీసులో సెలవు పెట్టింది. మొదట బ్యాటరీ విప్పించాడు. పెట్రోలు ట్యాంకు దించి, దూరంగా వేపచెట్టు కింద పెట్టించాడు. కింద పోయే పెట్రోలు పైపు కూడా ఊడదీయమన్నాడు. అది అక్కర్లేదేమో, పని చేసే చోటికి దూరమే కదా అన్నాను. ఊడదీయకపోతే తనను ఇంటికాడ దింపమన్నాడు. ఊడదీశాను.

సీట్లు, గుడ్డలు, వాటి కింద చప్పుడు రాకుండా అతికించిన తారు అట్టలు అన్నీ పీకాం. కారును దిమ్మెల మీద నిలబెట్టి తుప్పు పట్టిన మేరకు కోయడం మొదలుపెట్టాను. కోసేకొద్దీ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోయాడు. మెరిసే రేకు కనబడే దాకా కోయాల్సిందేనని, తుప్పు మీద అతికిస్తే మన వెల్డింగ్ తుప్పును పట్టుకుంటుంది కానీ బండిని పట్టుకోదని చెప్పాడు. చివరికి డ్రైవరు సీటు ఉండాల్సిన చోట పెద్ద కిటికీ అంత ఖాళీ మిగిలింది. మా అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఆ ఖాళీ చూసి వెనక్కి పోయింది.

దాని ఆకారానికి అట్ట కత్తిరించి, అట్ట కొలతకు కొత్త రేకు కోసి, అంచులు వంచాం. సన్నటి తీగ దానంతట అదే వచ్చే వెల్డింగ్ మిషను ఒకటి, నాతో పార్కులో పని చేసిన స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను. పాత రేకు ముక్కల మీద ముందు చేయించాడు మేస్త్రి. నేను గీత గీసినట్టు పొడుగునా లాగబోతే చేతి మీద కొట్టాడు. ఇక్కడొక చుక్క, అది చల్లారేలోపు అటు చివర ఇంకొక చుక్క. మళ్ళీ మధ్యలో ఒకటి. ఒకేచోట వేడి నిలబడితే రేకు అప్పడంలా లేస్తుందన్నాడు. ఆయన కళ్ళకు అప్పటికే చూపు మందగించింది. నల్లద్దం పెట్టుకొని కూడా నా వైపు చూసేవాడు కాదు, తల పక్కకు తిప్పుకొని వినేవాడు. చప్పుడు సన్నగా, ఒకే తీరుగా చిరచిరమంటే ఊరుకునేవాడు. పటపటమంటే ఆపమనేవాడు.

మేం వెల్డింగ్ చేస్తున్నంతసేపూ చెల్లెలు కారు పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేది. పక్కన నీళ్ళ బకెట్టు, ఒక మగ్గు, తడి గోనె సంచి. వాళ్ళ ప్లాంటులో ఎక్కడ వెల్డింగ్ జరిగినా నిప్పు చూసుకునేందుకు ఒక మనిషిని కూర్చోబెట్టాలట. పని ముగిసిన తర్వాత కూడా ఆ మనిషి కొంతసేపు లేవకూడదట. ఆ కాగితాలన్నీ టైపు చేసేది తనే కాబట్టి ఆ నియమాలు ఆమెకు కంఠతా వచ్చు. మేస్త్రికి అది తమాషాగా ఉండేది. ఇన్నేళ్ళలో నా పక్కన ఎవురూ బకెట్టు పెట్టుకొని కూర్చోలేదు తల్లీ అని నవ్వేవాడు.

రేకు ఒక వైపు పూర్తిగా అతికిన రోజు మధ్యాహ్నం అమ్మ అన్నానికి పిలిచింది. మిషను కట్టేశాను. చెల్లెలిని కూడా రమ్మంటే, మీరు తినండి, నేను రవ్వంతసేపు ఆగి వస్తానంది. మేం ఇంట్లోకి పోయి కాళ్ళు కడుక్కొని రాగి ముద్దల ముందు కూర్చున్నాం. చేయి పెట్టబోతుండగా బయట కారు రేకు మీద ఎవరో కర్రతో బాదుతున్న చప్పుడు వినిపించింది. ఆగకుండా బాదుతున్నారు.

నేను ఎలా లేచి పరిగెత్తానో గుర్తు లేదు. కారు తలుపు కింది మడతలోంచి, వెనక సీటు వైపు నుంచి నల్లటి పొగ వస్తోంది. చెల్లెలు కుర్చీలో లేదు. కారు పక్కన మట్టిలో కూర్చొని ఉంది. నిలబడి బకెట్టు ఎత్తడం ఆమె వల్ల కాదు. అందుకని నేల మీదికి జారి, బకెట్టును పక్కకు ఈడ్చుకొని, ఒక చేత్తో మగ్గుతో నీళ్ళు ఆ మడతలోకి కొడుతూ, మగ్గుకూ మగ్గుకూ మధ్య ఇంకో చేతిలోని కర్రతో కారును బాదుతోంది. లంగా అంతా నీళ్ళూ బురదా. నేను ఆమెను చంకల కింద పట్టి వెనక్కి లాగబోయాను.

"నన్ను పట్టుకోవద్దు, గోనె సంచి పట్టుకో," అంది.

సంచి తీసుకొని లోపలికి దూరాను. మేం పీకామనుకున్న తారు అట్ట ముక్క ఒకటి మడత లోపల, కనబడని చోట మిగిలిపోయింది. రేకు వెంబడి పోయిన వేడికి అది లోలోపల రగులుకుంది. అప్పుడే మంట నాలుక బయటికి వస్తోంది. తడి సంచి అదిమి పట్టాను. అమ్మ కుండతో నీళ్ళు తెచ్చి నా మీదా, కారు మీదా కలిపి పోసింది. కాసేపటికి పొగ తెల్లబడి, ఆగిపోయింది. వెనక్కి పోయే వైర్లు కొన్ని కాలాయి. అంతకు మించి ఏమీ కాలేదు. పెట్రోలు పైపు ఉండాల్సిన చోటు ఆ మడతకు జానెడు దూరం కూడా లేదు.

గోనె సంచి అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. చెల్లెలి పక్కన మట్టిలో కూలబడ్డాను. ఆమె మోచేయి గీసుకుపోయి రక్తం వస్తోంది. దాన్ని చూసుకోకుండా, ముందు పొగ వాసన వచ్చిందనీ, గుడ్డ కాలిన వాసన కాదు, రోడ్డు వేసేటప్పటి తారు వాసన వచ్చిందనీ, అందుకే ఎక్కడి నుంచో తెలిసిందనీ వివరంగా చెబుతోంది. హారన్ కొడదామనుకొని, బ్యాటరీ విప్పేశామని గుర్తొచ్చి కర్ర తీసుకుందట.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన కొంగుతో చెల్లెలి మోచేయి తుడిచింది. తర్వాత మొహం తుడిచింది. మొహానికి ఏమీ కాలేదు, అయినా మళ్ళీ మళ్ళీ తుడిచింది. మేస్త్రి కొంచెం దూరంలో నిలబడి, "తప్పంతా నాదేనమ్మా, ఆ మూలకు చేయి పెట్టి చూడల్సింది," అన్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగి, ముద్దలు చల్లారిపోతున్నాయి, లోపలికి రండని పిలిచింది.

ఆ రోజు ఇక పని చేయలేదు. ఈ బండి మాట ఇంక ఎత్తొద్దని అమ్మ చెబుతుందని సాయంత్రం దాకా ఎదురుచూశాను. చీకటి పడే ముందు ఆమె షెడ్డులోకి వచ్చి, కొత్త రేకు అతికిన అంచు మీద వేలితో రాసి చూసింది. ఇది ఊడదు కదా అని అడిగింది. ఊడదన్నాను. మిగతాది కూడా అట్లనే చెయ్యి అని చెప్పి పోయింది.

మరుసటి ఉదయం మేస్త్రి వచ్చి, అద్దం ముక్కా టార్చీ పెట్టి ప్రతి మడతా నా చేత వెతికించి, దొరికిన తారు అట్టనల్లా గీకించాడు. చెల్లెలు కుర్చీలో కూర్చొనే దాకా మిషను వేయనివ్వలేదు. బకెట్టు నిండుగా ఉందో లేదో ఆయనే పోయి చూసి వచ్చేవాడు. రెండో వైపూ అతికాం. సీటు పట్టాల కిందా, రాడ్డు పలక కిందా లావు రేకు ముక్కలు రెండో పొరగా వేసి బలం ఇచ్చాం. అంచులు గ్రైండరుతో నున్నగా చేసి, కీళ్ళలోకి నీరు దిగకుండా పుట్టీ పట్టించి, ఎర్ర రంగు, దాని మీద నల్ల రంగు వేశాం. కాలిన వైర్లు మార్చడానికి ఎలక్ట్రీషియన్ వచ్చి పోయాడు. మ్యాటు కింద నీళ్ళు నిలవకుండా రబ్బరు మూతల చిల్లులు రెండు పెట్టించాడు మేస్త్రి. పైనుంచి చూస్తే కారు మునుపటిలాగే ఉంది. అదే వెలిసిన తెలుపు, అదే సొట్ట బంపరు. మేం ఇన్ని రోజులు చేసిందంతా సీటు కింద దాగిపోయింది.

పరీక్ష చేయకుండా ఇచ్చే అలవాటు తనకు లేదన్నాడు మేస్త్రి. పార్కులో మనుషులు తిరగని తిన్నని రోడ్డుకు తీసుకుపొమ్మన్నాడు. చెల్లెలు నడిపింది. ఆయన ఆమె పక్క సీట్లో, నేను వెనక. నేను ముందు ఒకసారి నడిపి చూస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. బండి ఆమెది, బరువు ఆమెది, ఆమె వీపు ఆనేది ఆ సీటుకు, నువ్వు చూస్తే ఏం తెలుస్తుందన్నాడు.

రెండు పక్కలా పలకలు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి. మేస్త్రి వేగం పెంచమన్నాడు. పెంచింది. ఇంకా అన్నాడు. నేను ముందు సీటును రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇప్పుడు నూకు తల్లీ. ఉండే బలమంతా పెట్టి నూకు."

ఆమె నెట్టింది. టైర్లు అరిచాయి. నా తల ముందు సీటుకు తగిలింది. కారు తిన్నగా, పక్కకు జరగకుండా నిలబడిపోయింది. ఇంజను ఆగిపోవడంతో పలకల కింద గాలి తిరిగే చప్పుడు కూడా వినిపించింది. మేస్త్రి వంగి సీటు పట్టా కింద చేయి పెట్టి తడిమి చూశాడు. తర్వాత, "సీటు జరిగిందా?" అని ఆమెను అడిగాడు.

"జరగలేదు," అంది. "గోడకు ఆనుకున్నట్టు ఉండాది మేస్త్రీ."

ఆయన ఇంకొకసారి చేయమన్నాడు. చేసింది. మూడోసారి ఆయన అడగలేదు, ఆమే చేసింది. ఆ తర్వాత రోడ్డు చివరిదాకా పోయి బండి తిప్పి, మేస్త్రిని మా ఇంటి దగ్గర దిగనివ్వకుండా నేరుగా పావగడకు తీసుకుపోయి, ఆయన కొడుకు అంగడి ముందు దింపింది. ఆయన దిగి తలుపు వేసి, కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు. వానలు పడినాక ఒకసారి మ్యాటు లేపి చూడు తల్లీ అని మాత్రం చెప్పాడు.

మా అమ్మ అంతవరకూ ఆ కారెక్కిన మనిషి కాదు. కొన్నది తనే అయినా, పెట్రోలు వాసన పడదనీ, కాళ్ళు ఇరుకనీ ఏదో ఒకటి చెప్పేది. మరుసటి వారం చెల్లెలు ఆఫీసుకు బయలుదేరుతుంటే కొత్త చీర కట్టుకొని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఎక్కడికమ్మా అంటే, నీ ఆఫీసు దాకా వస్తాను, అక్కడి నుంచి ఆటోలో తిరిగి వస్తాను, నువ్వు ఎట్ల నడుపుతావో చూడల్ల కదా అంది. తిరిగి వచ్చాక నేను అడిగితే, గొర్రెలు వస్తే ముందే నిదానిస్తుంది, బాగానే నడుపుతుంది అని చెప్పి పనిలో పడిపోయింది.

పార్కులో కట్టుబడి పనులు ముగిసిపోయి నాలాంటి వెల్డర్లు చాలామంది బెంగళూరుకు పోయారు. నేను గేట్లూ కిటికీలూ చేసుకుంటూ, ఎన్నాళ్ళు నెట్టుకొస్తానో అనుకుంటూ ఉండేవాణ్ణి. చెల్లెలి కారు సంగతి విని ఒకతను పాత వ్యాను తెచ్చాడు, ఇంకొకతను ట్రాక్టరు బానెట్టు తెచ్చాడు. సన్న రేకు పని చేసేవాళ్ళు చుట్టుపక్కల లేరు. మొదట్లో మేస్త్రి వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు ఆయన మంచం దిగడం తక్కువైంది. ఏదైనా తెగని పని వస్తే ఫోను చేసి, మిషను చప్పుడు వినిపిస్తాను. చేయి బిన్నా, మరీ తొందరగా జరుపుతున్నావనో, కరెంటు తగ్గించమనో చెబుతాడు. పావగడకు పోయినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చొని వస్తాను. నా గురించి తక్కువ, చెల్లెలి గురించి ఎక్కువ అడుగుతాడు.

ఈ మధ్య పక్కూరు క్యాతగానచెర్లు నుంచి ఒకామె వచ్చింది. లారీ ప్రమాదంలో ఒక కాలు పోయింది. ప్లాంటులో పలకలు తుడిచే ఆడవాళ్ళ మీద మేస్త్రిగా చేసేదట, ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. మా చెల్లెలిని రోడ్డు మీద కారు నడుపుతుండగా చూసి, ఊరు కనుక్కొని వచ్చింది. చెల్లెలు ఆమెను తన సీట్లో కూర్చోబెట్టి రాడ్లు పట్టించింది. ఆదివారాలు ఇద్దరూ పార్కు రోడ్డు మీదికి పోతారు. ఆమె ఇంకా భయపడుతూనే ఉంది, మలుపు దగ్గర స్టీరింగు వదిలేస్తుందట. నిన్న ఇద్దరూ షెడ్డు ముందు కారు ఆపి, ఆ వచ్చినామె అన్న దగ్గర ఒక పాత బండి పడి ఉందనీ, దానికి రాడ్లు బిగించడం నాకు వచ్చునా అనీ అడిగారు. నేనెప్పుడూ చేయలేదు. బండిని తెమ్మన్నాను. ముందు దాని అడుగు రేకు చూడాలి.